లోగడియ

నలభై రెండు పేర్ల కాగితం నా జేబులో.
ఎర్రగుంట్లలో ఒంటిగా ఉండే ముసలోళ్ళు,
కాళ్ళో కళ్ళో సహకరించనోళ్ళు.
ఇంటికొక గడియ, నాలుగు మరలు,
అడిగితే మిద్దె మీద గవాచికి ఇనప జల్లెడ.
పైసా తీసుకోవద్దని
పాలిష్ ఫ్యాక్టరీల సంఘమాయన రెండుసార్లు చెప్పినాడు.
మజ్జిగిస్తే తాగొచ్చునా అంటే నవ్వినాడు.

నాపరాయికి బెజ్జం వేసేది
తెలిసినోడికే తెలుసు.
తొందరపడితే పొరలు పొరలుగా లేస్తాది,
మాట పడని పెద్దమనిషి మాదిరి.
నీళ్ళు చల్లతా, ఆగతా, మళ్ళీ తిప్పతా.
డ్రిల్లు మొనకాడ నల్లటి బురద కారతాది.

మొదటి ఇల్లు ఓబులేసుది.
చూపు పోయి పదకొండేండ్లు.
తలుపు కిర్రుమంటే అలవాటు కొద్దీ
నూనె డబ్బా తీసినా.
"ముట్టుకోవాకు" అన్నాడు మంచం మీద నుంచే.
"గాలి తోస్తే ఒక కూత, పిల్లి దూరితే ఒక కూత,
నువ్వు తోసింది కొత్తోడి కూత.
అది నా కుక్కరా.
నూనె పోసి చంపుతావా?"
మూత బిగించినా.
కాగితంలో ఆయన పేరెదురుగా
'వద్దన్నాడు' అని రాయాల్నో
'ముందే ఉంది' అని రాయాల్నో తెలీలే.

సుగుణమ్మ రెండు అడిగింది.
ఒకటి తలుపుకి, ఇంకోటి బియ్యం డబ్బాకి.
"ఒకటో తారీకు పింఛనొస్తాది.
రెండో తారీకు మనవడొస్తాడు."
అంతే చెప్పింది.
డబ్బాల లెక్క లిస్టులో లేదు.
మా అంగట్లోది తెచ్చి బిగించి
తాళంచెవి ఆమె కొంగుకు ముడేసుకునే దాకా
నిలబడే ఉన్నా.
మర్నెల రెండో తారీకు అట్ల పోతా చూస్తే
తాళంచెవి తలుపు పక్క మేకుకి వేలాడతాంది,
పిల్లోడికి అందే ఎత్తులో.

రైలుకట్ట పక్కన మట్టిమిద్దె కుళ్ళాయమ్మది.
"ఏముందని నాయనా దొంగలకు,
ఈ మేకపిల్లా, బీపీ మాత్రలూ.
వానికీ బీపీ ఉంటే
పాపం, తీసుకోనీ."
మాట్లాడతానే ఉంది, నేను బిగిస్తానే ఉన్నా.
బొటనవేలంత లావు కమ్మీ.
ఏనుగు తోసినా రాదవ్వా, అన్నా.
ఆమె ఒకసారి గడియ వేసుకుంది.
లోపల చీకటి. మేకపిల్ల ఒకటే అరుపు.
మళ్ళీ తీసింది.
"ఏనుగు రాదు, సరే పీరయ్యా.
మరి ఈశ్వరమ్మ ఎట్ల వస్తాది?"

పోయిన శ్రావణంలో గాబు కాడ జారిందంట.
లేవలేక తెల్లార్లూ అట్లనే.
మేకపిల్ల మొగం నాకతా ఉండిందంట.
పొద్దున టీ గ్లాసు పట్టుకొని ఈశ్వరమ్మ తోస్తే
తలుపు ఊరికే దగ్గరికేసి ఉండబట్టి
తెరుచుకుందంట.

ముప్పై ఏండ్లుగా గడియలు చేస్తాండా.
అన్నీ రానియ్యకుండేదానికే.
వచ్చేదానికి ఒకటి చెయ్యమని
ఎవురూ అడగలే.

అరుగు మీద కూలబడినా.
సిమెంటు వ్యాగన్ల బండి పోయింది,
కొంకిలో నా కమ్మీ గడగడలాడింది.
బండి పోయినాక కూడా కాసేపు
దాన్నే చూస్తా ఉన్నా.

రెండిండ్లకూ నడిమి గోడ ఒకటే.
డ్రిల్లు మళ్ళీ తీసినా.
మట్టిగోడ, రాయంత రాద్ధాంతం చెయ్యలే.
గడియ పిడికి నైలాను తాడు కట్టి
బెజ్జంలో నుంచి అవతలికి దూర్చినా.
అవతల పొయ్యి పక్కన
ఈశ్వరమ్మ చెయ్యి దాన్ని అందుకుంది.
"లాగక్కా!"
లాగింది.
ఇవతల చీకట్లో
ఎవురూ ముట్టుకోని గడియ
తనంతట తాను జరిగింది.
మేకపిల్ల బెదిరి గాబు వెనక్కి దూరింది.
కుళ్ళాయమ్మ పండ్లు లేని నోటితో
నవ్వి నవ్వి దగ్గింది.
"ఇంగ వేసుకుంటాలే" అనింది.

వీధి మలుపు దాకా వినపడతానే ఉంది
టక్కున పడేది, సర్రున జరిగేది,
మళ్ళీ పడేది.
టీ చల్లారిపోతాందని
ఈశ్వరమ్మ కేకేసేదీ.

ఇంకా ముప్పై తొమ్మిది ఇండ్లు.
కాగితంలో తాడుకు గడి లేదు.
వెనక్కి తిప్పి రాసుకున్నా:
కుళ్ళాయమ్మ. గడియ ఒకటి.
తాడు పదడుగులు.
ఈశ్వరమ్మ ఒకటి.