మీ కాయ

సిరొంచ టేకు డిపోల
దుంగలకు నంబర్లు కొట్టుడు నా పని.
సుత్తి పడ్డ కాడ పచ్చి వాసన లేస్తది.
పగటీలి లారీలు ఆగినంక
పాసుబుక్కు చీటీల ఎనుక గళ్ళు గీస్త.
ఒకనాడు ఎనిమిదెనిమిదుల అరవై నాలుగు,
ఒకనాడు పదకొండు అడ్డం, పదకొండు నిలువు.
"మొండయ్యా, సర్కారు కాయితం" అంటడు రేంజరు.
ముందటి దిక్కే గద సారూ సర్కారుది.

వర్ధా నుంచి దవాఖానకు బదిలీ మీద అచ్చింది
కుందా ఖోబ్రాగడే సిస్టరు.
మలేరియా పరీక్షకు నా ఏలు పొడిచి
నెత్తురు చుక్క గాజుపలక మీద రాసుకుంట
జేబుల మడత చూసి అడిగింది: "హే కాయ?"
"ఇదేంది" అని ఎరుకే.
పిల్లలు చదివేది మరాఠీ బడే, మాట నాకూ నడుస్తది.
గని రాత్రింబగళ్ళు బంట్లు, గుర్రాలు జరిపేటోనికి
కాయ అంటె కాయే యాదికస్తది.

ఆ రాత్రే ఒక నుడికట్టు కట్టిన,
అడ్డానికి తెలుగు, నిలువుకు మరాఠీ.
అడ్డం: పండక ముందటిది, రెండక్షరాలు.
నిలువు: తెల్వనోడు అడిగేది, రెండక్షరాలు.
ఒక్క 'కా' కాడ రెండూ కలిసినయి,
మా ఊరి కింద ప్రాణహిత
గోదాట్ల వడ్డట్టు.

పెన్సిలుతోని నింపి పంపింది.
రెండు తప్పులు. ఒకటి నాది.

హింగణ్‌ఘాట్ మిల్లుకు తాళం వడ్డ ఏడు
వాళ్ళ నాయిన బీడీలు బంట్లుగ పెట్టి
ఆమెకు చదరంగం నేర్పిండట.
వానలు మొదలైనంక రోడ్డు తెగింది.
మందుల చీటీ మీద నాలుగే కాయలు గీసి
కంపౌండరుతోని తోలిచ్చింది:
పై వరుస ఎడమ మూలకు నల్లరాజు,
అతని కాళ్ళ కింద నల్లబంటు,
ఒక గడి ఎడం ఇడిసి తెల్లరాజు,
రెండో వరుసల కుడి చివర తెల్ల ఏనుగు.
తెల్లది ఆడాలె. రెండెత్తుల ఆట కట్టాలె.
నేను నుడి కడితె ఆమె ఆట కట్టుమంటున్నది.

ఏనుగుతోని బంటును కొట్టిన,
రాజు ఏనుగును మింగిండు.
నా రాజును కిందికి దించిన,
బంటు జరిగింది, ఖాళీల రాజు చొరబడ్డడు.
అన్నం కలుపుకుంట ఆలోచన,
పళ్ళెంల మెతుకులు గళ్ళయినయి.
"ఆ నాలిగింటికి తిండి పెట్టు, నువ్వు తినకు"
అన్నది మా రాజుబాయి.

పన్నెండో దినం. బురదల దిగబడ్డ దుంగకు
కమలాపూర్ నుంచి ఏనుగు అచ్చింది.
గొలుసు బిగిసింది. మావటి కేకేసిండు.
అది ముందటికి గుంజలే.
ఒక్క అడుగు ఎనక్కేసింది,
గొలుసు సడలింది,
అప్పుడు గుంజింది.

నా చేతిల సుత్తి ఆగింది.
ఒక్క గడి. ఎనక్కి. అంతే.
బెదిరింపు లేదు, షా లేదు,
"ఇగ నీ వంతు" అని ఊకుండుడే.
రాజుకు అడుగు పెట్ట జాగ లేదు,
ఆడనంటె చదరంగం ఒప్పుకోదు,
బంటే కదలాలె పాపం.
ఒక గడి కదిలినా, రెండు గడులు దుంకినా
రాజు చావు దాని కాళ్ళల్లనే ఉన్నది.

బురద కాళ్ళతోని దవాఖానకు ఉరికిన.
రోడ్డు తెరిచిండ్లట, బదిలీ కాయితం అచ్చిందట,
మొదటి బస్సుకే పోయిందట.
కంపౌండరు ఒక చీటీ ఇచ్చిండు.
మరాఠీ రాతల రెండే మాటలు:
మీ కాయ.

తెలుగుల చదివితె
కాయ మీది, జరపండి అని.
మరాఠీల చదివితె
నేనా? నేనేంది? అని.
'మీ' అంటె నాకు ఎదుటోళ్ళు, ఆమెకు తాను.
ఒక్క అక్షరానికి రెండు దిక్కుల
ఇద్దరం ఎదురెదురు కూసున్నం.

అడ్డమో నిలువో రాయలేదామె.
నేనూ జవాబు రాయలే.
సర్కారు చీటీ ఎనుక ఒక్క గడి గీసి
ఖాళీగ ఇడిసిపెట్టిన.

రేపు నూట పద్నాలుగో దుంగ.