చివరి కణుపు

తకమత్సు వైపు ఆఖరి రైలు పోయాక
ప్రయోగశాలలో మిగిలేది
నేను, కుళాయి,
ఊపుడు యంత్రంలో తెల్లవార్లూ తిరిగే బ్యాక్టీరియా.

ఇరవై రెండేళ్లు ఉడాన్ కొట్టులో గిన్నెలు తోమాను.
కొట్టు మూతపడింది. ఇప్పుడు గాజు కుప్పెలు.
పిండి జిగట వేణ్ణీళ్లకే లొంగేది,
వీటికి మూడుసార్లు శుద్ధజలం కావాలి. అంతే తేడా.

సొనొబె గారు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇంత:
మట్టిలో దొరికిన జీవి ఇది.
బాగా పెంచి, కడిగి, తిండి ఆపేస్తారు.
ఇక పిల్లలు పెట్టదు. పని మాత్రం మానదు.
సముద్రపు పాచిలోంచి తీసిన చక్కెరను
లోపలికి లాక్కుని, ఒక మూల మెలిపెట్టి
బయటికి వదిలేస్తుంది.
తను తినదు.
చేతికందింది నోటికందకపోవడమంటే ఇదే కాబోలు.

ఎందుకు తినదండీ అన్నాను.
బోర్డు మీద ఆరు చుక్కలు పెట్టారు.
ఒక్కో చుక్కకీ ఒక ఆక్సిజన్.
ఆరోదానికి లేదు.
"పట్టుకోవడానికి కొస దొరకదు" అంటూ
నా ఎడమచేతి వంక చూసి
చేతిలో ఉన్న సుద్దముక్క కోసమే వెతుక్కున్నారు.

నా చిటికెనవేలి చివరి కణుపు
నూడుల్స్ కోసే యంత్రం తినేసింది, ముప్పై ఒకటో ఏట.
రైల్లో కొత్తవాళ్లు అది చూసి పక్కకి జరుగుతారు,
ముఠావాళ్లు తప్పు చేస్తే అలాగే కోసుకుంటారని.
యాభై తొమ్మిదేళ్ల దాన్ని, చేతిలో కొత్తిమీర సంచి!
సైకిలు మీద ఇంటికి పోతూ నవ్వుకున్నాను.
నవ్వు ఆగాక అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఆవిడ చెరుకు చక్కెర పిసికేది,
బండకింద పెట్టి నొక్కి, మళ్లీ పిసికేది,
మడ్డంతా కారిపోయి తెల్లబడేదాకా.
గడ కొస కొరికి ఉమ్మేస్తే వీపున ఒకటి వేసేది:
చప్పగానే ఉంటుంది, అది నాటడానికే.

మూడు వారాలు పాకం పాకంగానే మొండికేసింది.
గురువారం పొద్దున గడ్డకట్టింది.
ఇన్ని పీపాల పనికీ చెంచాడు.
సొనొబె గారు దాన్ని గీకి సీసాలో పోసుకుని
ఎవరికీ చెప్పకుండా మెట్ల మీద కూర్చున్నారు చాలాసేపు.

కుప్పె నా దగ్గరికొచ్చింది.
అడుగున ఇంకా కాస్త మెరుపు.
ఈ ఊళ్లో ఏ నాలుకా ఎరగని తీపి,
అసలు తీపో కాదో.
తొడుగు తీసి పొట్టివేలితో తాకాను.
గరుకు.
నాకలేదు. నాకుదామనుకోలేదని మాత్రం చెప్పను.

మూడుసార్లు కడిగి బోర్లించాను.
పక్కన పెట్టిన తొడుగులో,
నా వేలు ఎన్నడూ చేరని ఆ కొసలో,
రెండు చుక్కల నీళ్లు నిలిచి ఉన్నాయి.