ఇరవై నంబరు

మంగాఫ్‌లో ఆరో అంతస్తు.
వెండి చెంచాలు తోముతాండా.
ప్రతి పిడి మీదా ఒక నీరుకుక్క,
దాని నోట్లో తాళంచెవి.
బూడిదా చింతపండూ పనికిరావంట, ట్యూబులో తెల్లమందు.
రుద్దితే ముందు తోక మెరుస్తుంది,
తాళంచెవి ఆఖరున.

పొద్దున్నే ఫోనొచ్చింది.
పెద్దాయన పోయినాడంట, వాళ్ళ దేశంలో, వానలో.
ఎవురూ గట్టిగా ఏడవలేదు.
సారు బాల్కనీలోకి పోయి
సముద్రం దిక్కు కాసేపు నిలబడినాడు,
లోపలికొచ్చేసరికి లార్డయినాడు.
చెప్పులు అవే.
చొక్కా మీద టీ మరకా అదే.

పిల్ల పేరు హెన్రియెట్టా. ఎట్టా అంటారు.
నేను పిలిచినప్పుడల్లా
దేన్నో ఎట్టా అని అడిగినట్టుంటుంది.
తొమ్మిదేండ్లు. మోకాలికి బ్యాండేజీ.
స్టూలెక్కి కూర్చుని వేళ్ళు మడుస్తా చెప్పింది:
మొదటాయన రాజుకు గుర్రాలమ్మినాడు,
రెండో ఆయన తాగి సగం పొలం పోగొట్టినాడు,
మూడో ఆయనకు చెవుడు,
నాలుగో ఆయన పటం ఉంది, ముక్కు పెద్దది,
తాతయ్య ఐదు,
నాన్న పొద్దున్నుంచి ఆరు,
తమ్ముడు ఏడు.

ఏడో ఆయన నా నడుము మీదుండాడు.
పండ్లు రాలేదింకా, నా పసుపుతాడు చప్పరిస్తాండాడు.

"పెద్దదానివి నువ్వు గదా?" అంటి.
"ఆడపిల్లల మీంచి దూకేస్తుంది" అనింది,
బల్లి గురించి చెప్పినట్టు.
కవర్ల మీద తన పేరు ముందు ఒక మాట రాస్తారంట,
అది తనతోనే సరంట.

ఉన్నట్టుండి అడిగింది:
"మీ ఇంట్లో ఏం దిగుతుంది?"

చేతులు తుడుచుకుని అకామా చూపించినా.
ఇరవై నంబరు. ఇంటి పనోళ్ళకు కొట్టే నంబరు.
మా పెద్దమ్మ వీసా మీద ఇరవై.
మాయమ్మ ఓబులమ్మ వీసా మీద ఇరవై, సాల్మియాలో,
యుద్ధానికి ముందు ఒకసారి,
యుద్ధం అయినాక మళ్ళీ.
నాకు వయసు నిండలేదంటే
పాస్‌పోర్టులో నిండించినారు.

"మాకు మగోళ్ళ మీంచి దూకుతుంది" అంటి.
"మా తమ్ముడికి రాలేదు.
రాయచోటిలో ఆటో తోలుతాడు.
ఆటో నేను కొనిచ్చిందే."

పిల్ల కండ్లు ఇంతింత చేసింది.
"అయితే నువ్వు మూడోదానివి!"

ముప్పై నాలుగేండ్లలో
నన్నట్ల ఎవురూ లెక్కబెట్టలేదు.
పాస్‌పోర్టు దాచుకున్నోళ్ళు బెట్టలేదు,
జీతంలో దినాలు కోసినోళ్ళు బెట్టలేదు.
పిల్ల స్టూలు దిగి గౌను అంచులు పట్టుకుని
మోకాలు వంచింది నాకు,
బ్యాండేజీ ఊడొచ్చేంత కిందికి.
నవ్వలేక చచ్చినా.

లేస్తానే అడిగింది:
"మరి నాలుగోది ఎవురు?"

కుళాయి తిప్పినా, నీళ్ళ మోతకు వినబడనట్టు.
సంబేపల్లె హైస్కూల్లో
ఎనిమిదో తరగతి హాజరులో పలికే పేరొకటి
నోటిదాకా వచ్చింది.
పండ్ల నడుమ పట్టుకుంటి,
నీరుకుక్క తాళంచెవిని పట్టుకున్నట్టు.

బాబు మళ్ళీ పసుపుతాడు అందుకున్నాడు.
ఇంకా పదకొండు చెంచాలుండాయి.