నాలుగు గంటల చార

ఇల్డా ఫొటోలకు ఫ్రేములు కట్టేది నేనే.
మతోజీన్యుష్ రేవు వెనక, వలలమ్మే కొట్టు పక్కన
నా దుకాణం.
అద్దం కోస్తాను, అట్ట కోస్తాను,
అప్పుడప్పుడు వేలు కోసుకుంటాను.
బొమ్మలో ఏముందని అడగడం నా పని కాదు.

అయినా ఇల్డావి అడగకుండా ఉండలేని బొమ్మలు.
మీటరు పొడుగు నలుపు.
అందులో ఓ మూల
తలుపు సందులో దూరిపోతున్న పిల్లి తోకలా
ఒక తెల్లటి వంపు.
అంతే.
"పైన ఏది, కింద ఏది?" అన్నాను మొదటిసారి.
"నీకెటు నచ్చితే అటు" అంది.
రెండువైపులా కొక్కేలు బిగించి ఇచ్చాను.

అది మూతబడ్డ సార్డీన్ కార్ఖానా అని నాకు తెలుసు.
చూసేవాళ్ళకు చెప్పదు ఇల్డా.
కప్పు రేకు చిరిగినచోట దిగే ఎండ కోసం
పదకొండు నెలలు ఒకే గోడకు ఎదురుగా కూర్చుంది,
ఫ్లాస్కులో కాఫీ, ఒళ్ళో ఎవరిదో పిల్లి.
రాత్రుళ్ళు స్నానాలగదిలో ఎర్రబల్బు కింద
ట్రేలో కాగితాన్ని ఊపుతుంటే
మొదట వచ్చేది చీకటేనట.
వెలుతురు రావడమంటూ ఉండదట,
చీకటి ముట్టకుండా వదిలేసిన కాగితమే వెలుతురట.
ఆ మాట విన్నరోజు
రెండు అద్దాలు తప్పు కొలతకు కోశాను.

ప్రదర్శన రోజు వాన.
చేతుల్లో గ్లాసులతో వచ్చినవాళ్ళు
నిశ్శబ్దం అన్నారు, శూన్యం అన్నారు,
పొడుగు మఫ్లరు ఆయన సృష్టికి ముందరి క్షణం అన్నాడు.
నేను ఫ్రేములు వంకరపోయాయేమో చూసుకుంటున్నాను.

వాన తప్పించుకోవడానికి లోపలికొచ్చింది ఫిలొమెనా,
చంకలో రొట్టెల సంచి, ఎనభై దాటిన నడుము.
ఏడో బొమ్మ ముందు ఆగి
"తలకిందులుగా వేలాడదీశారు" అంది.
ఎవరో నవ్వారు.
నేను తిప్పి పెట్టాను. రెండో కొక్కెం ఉందిగా.

"ఇదీ మా మూడో బల్ల.
గడియారం మేనేజరు గదిలో ఉండేది, మాకు ఈ చారే.
ఇది తొట్టి అంచు తాకిందంటే నాలుగు,
చేతులు కడిగేసుకునేవాళ్ళం.
మబ్బు పట్టిన రోజు మాత్రం
వాడు ఇంకో గంట చేయించేవాడు."

తర్వాత ఆమె వేలు
తెలుపును వదిలి నలుపులోకి నడిచింది.
"ఇక్కడ మా జుడీత్ కూర్చునేది.
చేపల తలలు కోసేది. నోరు మూసేది కాదు."
ఆ వేలి చివర నలుపు తప్ప ఏమీ లేదు.
నేను చూశాను. ఇల్డా చూసింది.
మఫ్లరాయన కూడా మెడ చాచాడు.

ఆ రాత్రి ఇల్డా మళ్ళీ ఎర్రబల్బు వేసింది.
నెగెటివ్‌లో ఆ చోటు ఉత్త గాజు,
ఎండ అక్కడ ఒక్క అక్షరమైనా రాయలేదు.
పన్నెండు సెకన్లు, తొమ్మిది, ఆరు...
నలుపు తగ్గిస్తూ పోతే
బూడిదరంగు వచ్చింది.
జుడీత్ రాలేదు.

పొద్దున్నే ఫోను.
"ఏడోదానికి అడుగువైపు కొక్కెం తీసెయ్."
బొమ్మ సంగతి ఇంకేమీ మాట్లాడలేదు.
బల్ల మీద బోర్లా పెట్టి
మరలు రెండూ ఊడదీశాను.
చెక్కలో బెజ్జాలు మిగిలాయి, మైనంతో పూడ్చాను,
సరిగ్గా పూడలేదు, మళ్ళీ తీసి పూడ్చాను.
బయట మబ్బు.
నాలుగెప్పుడైందో తెలియలేదు.