అందిందా?

చినవాల్తేరులో రెండో అంతస్తు, రాత్రి డ్యూటీ.
నడిసముద్రంలో పసుపుపచ్చ బోయా ఒకటి
గంటకోసారి నాతో మాట్లాడుతుంది.
ఆకాశం దాకా ఎక్కి, ఉపగ్రహాన్ని తాకి,
కిందికి దిగి, నా తెరమీద అంకెలుగా రాలుతుంది:
తొమ్మిది వందల తొంభై ఆరు. నలభై రెండు. మూడు పాయింట్ ఎనిమిది.

యంత్రాల మర్యాద నాకిష్టం.
ముందు పలకరింపు. ఉన్నావా? ఉన్నాను.
ఆపైన మాటను ముక్కలు చేసి
ముక్కముక్కకీ నంబరేసి పంపడం.
దారిలో ఏడోది జారిపోతే
ఇవతలిది సిగ్గుపడదు,
ఏడు రాలేదు, మళ్లీ పంపమంటుంది.
అవతలిది విసుక్కోదు.
అందిందని కబురొచ్చేదాకా
పంపినట్టే కాదు వాటి లెక్కలో.

పోయినేడాది జాలరిపేట మైకులో
బులెటిన్ నేనే చదివాను.
అక్షాంశాలు, రేఖాంశాలు, నలభై అయిదు నాట్లు,
వాయవ్య దిశగా కదులుతూ...
ఒక్క తప్పు లేదు.
నాట్లంటే వరినాట్లా బాబూ, అని వెనక ఎవరో నవ్వారు.
మైకు కట్టేసి, తెలియజేయడమైనది అని రాసి
సంతకం పెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను.

తెల్లారేసరికి ఇసకమీద ఆరు తెప్పలు లేవు.
అరిజిల్లి కాసులమ్మ ఖాళీ తట్ట బోర్లించి
దానిమీద కూర్చుని ఉంది.
"సదివినావు బాబూ, బాగానే సదివినావు.
తెప్పలు పైకి లాగీమని
ఒక్క ముక్క సెప్పనేకపోయినావా?"

ఏడో ముక్క.

ఈసారి అంకెలు నా దగ్గరే ఉంచుకున్నాను.
సాయంత్రం స్కూటరేసుకుని వెళ్లి
మైకు ముందు కాసులమ్మని నిలబెట్టాను.
నేను చెప్పింది చెప్పినట్టు వింది.
మూడు పాయింట్ ఎనిమిది మీటర్లంటే ఎంత, అని అడిగింది.
చుట్టూ చూసి, ఐస్ ఫ్యాక్టరీ గోడ చూపించాను.
కాసేపు నమిలి తన నోటితో వదిలింది:

"ఇనండర్రా! రేపు పొద్దుగూకీలోగా
తెప్పలన్నీ రోడ్డెక్కిపోవాల.
ఐసు ఫేక్టరీ గోడంత లేస్తాదంట కెరటం.
ఇన్నోలందరూ టార్చీలైటు ఎయ్యండి, సూస్తాను!"

చీకట్లో ఒకటి వెలిగింది.
తర్వాత మూడు. వలలు కుట్టే షెడ్డులోంచి ఇంకోటి.
ఒక పిల్లాడు ఆపకుండా ఆర్పి వెలిగిస్తూనే ఉన్నాడు,
వాణ్ణి ఒక్కసారే లెక్కేశాను.
యాభై ఒకటి, యాభై రెండు...
చివరి వరసలో, సముద్రం వైపు ఇల్లు
వెలగలేదు.

"ఎల్లాజీకి సెవుడు" అంది కాసులమ్మ,
మైకు నా చేతిలో పెట్టి
ఇసకలో చెప్పులు వెతుక్కుంటూ.