పదహారో చిన్న తప్పు

నవ్వు నాలుగు విధాల చేటంటారు.
ఐదోది నాకు తెలుసు:
ఎంట్రీ ఫీజు పన్నెండు పౌన్లు.

డండీలో డ్రైవింగ్ పరీక్షలు పెడతాను,
ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లోనే ఉన్నాను.
అద్దం చూడకపోతే ఒక గీత,
సిగ్నల్ మరిస్తే ఒక గీత.
పదిహేను చిన్న తప్పుల దాకా ఓర్చుకుంటాం,
పదహారోది ముంచుతుంది.
పెద్దదైతే ఒక్కటి చాలు.
ఎవరు ఏడ్చినా నా ముఖం కదలకూడదు,
ముఖ్యంగా, ఎవరు నవ్వించినా.

అలా గొంతులో ఆగిపోయిన నవ్వులన్నిటినీ
రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద కక్కేస్తాను.
ఇరవై ఎనిమిది నిమిషాల రేడియో నాటిక,
పేరు ‘ఎడమకు తిరగండి’.
కథానాయిక డ్రైవింగ్ ఎగ్జామినర్,
మహా తెలివైంది.
ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

మూడేళ్ళు పోటీకి పంపాను.
మూడేళ్ళూ ఒకటే జవాబు:
ఈసారి చాలా నాటికలు వచ్చాయి, ధన్యవాదాలు.
ఆ ‘చాలా’లో నేనూ ఉన్నాను కాబోలు.
మా ఆయన లోర్న్
‘జడ్జీలకు హాస్యం తెలీదు’ అన్నాడు.
నాటిక చదివే ఓపిక లేదు గానీ
ప్రేమకేం తక్కువ లేదు ఆయనకి.

నాలుగో ఏడు ఇంకో ఇరవై పౌన్లు పోశాను,
అభిప్రాయం రాసి పంపుతారట.
వచ్చింది. పేజీన్నర.
కింద సంతకం, ఇ. టింబ్రెల్.
ఆడో మగో తెలీలేదు, పెన్ను పదును మాత్రం తెలిసింది.

‘నాలుగో పేజీలో చిలుక జోకు బావుంది.
పదో పేజీలోనూ పరవాలేదు.
పదిహేడుకి చిలుక అలిసిపోయింది, వదిలెయ్యండి.
ఇక్కడ పాత్ర కన్నా ముందు మీరే నవ్వుతున్నారు,
నాకు వినబడుతోంది.
మీ ఎగ్జామినర్ ఒక్క తప్పూ చెయ్యదు.
ఇక నేను నవ్వడానికి చోటెక్కడ?’

కెటిల్ ఒకసారి మరిగింది, నేను రెండుసార్లు.
టింబ్రెల్‌ని మనసులోనే కారెక్కించి
వానలో, లా కొండ ఎగుడులో,
వెనక్కి పార్క్ చేయించి గీతలు పెట్టాను.
పదహారు దాటాయి. ఫెయిల్.

పదకొండు రోజులు ఆ కాగితం బ్రెడ్ డబ్బా కింద ఉంది.
పన్నెండో రోజు రూరీ డల్గ్లీష్ అనే కుర్రాడు,
అయిదోసారి తప్పినవాడు,
ఇంజన్ ఆపి అడిగాడు:
‘మీరు ఎన్నోసారికి పాసయ్యారు?’
నిబంధనల ప్రకారం నాకు వినబడలేదు.

ఆరోసారికి.
మొదటిసారి ఆర్‌బ్రోత్‌లో, చేపల వ్యాను వెనకాల,
అది ఎప్పుడు కదులుతుందా అని
ఎనిమిది నిమిషాలు కూర్చున్నాను.
చివరికి ఎగ్జామినరే, పాపం, గొంతు సవరించుకుని
‘డ్రైవరు భోజనానికి వెళ్ళాడమ్మా’ అన్నాడు.
ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు,
లోర్న్‌కి కూడా.

ఆ రాత్రి చిలుకను ఎగరేశాను.
కాస్త ఏడ్చాను, అది నా మొట్టమొదటి జోకు మరి.
ఖాళీ అయిన నాలుగో పేజీలోకి వ్యాను తోలుకొచ్చాను,
చేపల వాసనతో సహా.
పైకి చదువుకుంటుంటే పక్క గదిలో టీవీ తగ్గింది.
‘ఆ వ్యాను ముక్క మళ్ళీ చదువు’ అన్నాడు లోర్న్,
గుమ్మంలో, సాక్సుతో.

గెలిచానని కాదు.
రెండో వడపోతలో ఆగిపోయాను.
టింబ్రెల్ మళ్ళీ రాసింది, లేదా రాశాడు:
‘వ్యాను దగ్గర బిగ్గరగా నవ్వాను, రైల్లో.
ముగింపు తొందరపడింది.’
ఈసారి కెటిల్ ఒక్కటే మరిగింది.
పసుపు లైటు చూస్తే స్పీడు పెంచే జబ్బు
నాక్కూడా ఉందన్నమాట.

మొన్న గురువారం రూరీ ఆరోసారి వచ్చాడు.
మలుపులో సిగ్నల్ వెయ్యబోయి వైపర్లు వేశాడు.
చిటచిటలాడే ఎండలో అవి
పొడి అద్దం మీద కీచుమన్నాయి.
‘డండీ కదా, ముందు జాగ్రత్త’ అన్నాడు.

నా ముఖం కదిలింది.
ఆ తప్పుకి ఫారంలో గడి లేదు.
అతనికి పద్నాలుగు గీతలు, పాస్.
అతను అమ్మకి ఫోన్ చేస్తుండగా
అరచేతి మీద గబగబా రాసుకున్నాను:
వైపర్లు. పదిహేడో పేజీ.
చిలుక కూర్చున్న చోట.