గోటి మీద గీత

క్లారీ డెబ్నమ్ తన కుడికాలు
నా ఒళ్లో పరిచిన తువ్వాలు మీద పెడతాడు
మొహమాటంగా, అప్పు అడగడానికి వచ్చినవాడిలా.
బొటనవేలి గోరు
పాత పియానో మెట్టంత పసుపు.
అంచున తడిసి ఆరిన సున్నంలా పొడి రాలుతోంది.

నేను పాదాల నర్సుని.
కొరాకీ నుంచి నది వెంబడి
వారానికి పదకొండు ఇళ్లు, ఇరవై రెండు పాదాలు.
కాదు, ఇరవై ఒకటి.
మిసెస్ ఓక్‌షాట్‌కి ఒకటే.

కిటికీ అవతల బంగవాల్బిన్ చిత్తడి.
కాగితం పొరల్లా బెరడు ఊడుతూ
మోకాలి లోతు నీళ్లలో టీ ట్రీ చెట్లు.
పదిహేనో ఏట ఈయన కత్తి పట్టింది అక్కడే.
కొమ్మ నరికి, ఆకు దూసి, డ్రమ్ములో కుక్కి
కింద మంట పెట్టేవాడు.
ఆవిరి చల్లబడి బొట్టు బొట్టుగా దిగితే
నీటి మీద తేలిన నూనెని ముందు
చెవి వెనక రాసుకునేవాడట, అత్తరులా.

తెగిన వేలికి అదే. జలగ కాటుకి అదే.
పిల్లల తలలో పేలకి అదే.
ఐరిస్ పోయాక ఆ గది కడిగిందీ దాంతోనే.
పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు.
ఈయనకి పెరటి చెట్టు తప్ప వేరే మందు తెలీదు.
"లోకమంతటికీ సీసాల్లో పోసి పంపానమ్మా,
నా కాలి దగ్గరికొచ్చేసరికి పనిచేయదా?"

ఏమని చెప్పను?
గాజు పళ్లెంలో బూజు మీద పోస్తే
చస్తుంది, నిజమే.
గోరు గాజు పళ్లెం కాదు,
తలుపులు బిగించుకున్న ఇల్లు.
బూజు కాపురం లోపలి గదిలో.
నూనె గుమ్మంలో నిలబడి
పిలిచి పిలిచి ఆవిరైపోతుంది.
కొందరికి తగ్గిందని రాశారు,
కొద్దిమందిని చూసి.
కొందరికి చర్మం ఎర్రగా పొంగిందనీ రాశారు.
మాత్రలున్నాయి, గట్టివే.
కానీ ఈయన కాలేయం
నలభై ఏళ్ల రమ్ముకి ఇంకా వడ్డీ కడుతోంది,
డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు సరే,
పోవాల్సింది గోటిలోనే ఉంటే?

మందాన్ని అరగదీశాను.
ఓ ముక్క ల్యాబుకని డబ్బీలో వేశాను.
ఆకురాయి అంచుతో గోటి మొదట్లో
సన్నగా ఒక గీత గీశాను.
"ఇది చివరికి నడిచొచ్చేసరికి ఏడాది దాటుతుంది.
రెండు పూటలా రాయి. బూట్లు ఎండలో పెట్టు.
రాశాక మేజోడు తొడుక్కో,
కుక్క నాకితే దాని ప్రాణం మీదికొస్తుంది."
డస్టర్ బల్ల కింద నుంచి
తన పేరెత్తలేదని అలిగినట్టు చూసింది.

జూన్‌లో గీత బియ్యపుగింజ మందం జరిగింది.
వెనక గులాబీ రంగు.
వెలుతురు మాయేమో, కర్టెన్ తీసి మళ్లీ చూశాను.
సెప్టెంబర్‌లో వారం రోజులు రాయలేదు,
పక్క పొలంలో కోత యంత్రం దిగితే చూస్తూ కూర్చున్నాడు:
తను నెల పట్టేది అది మధ్యాహ్నం లోపు.
జనవరిలో వాకిట్లోకి నది వచ్చింది.
రెండు రోజులు తడి బూట్లలోనే.
"నూనె సీసా మోసుకెళ్లాను," అన్నాడు,
"పొడి సాక్సులే మర్చిపోయాను."

ఇవాళ గీత అంచుకి చేరింది.
కత్తిరిస్తే తువ్వాలు మీద పడింది,
ఏడాది బరువున్నా చప్పుడు లేకుండా.
గోరు ఎడమ సగం నీళ్లలా తేటగా ఉంది,
కుడి సగం ఇంకా పసుపే.
నూనె చేసిందా, నా ఆకురాయి చేసిందా,
ఎండిన బూట్లా,
రాత్రీ పగలూ తన పాదాన్ని తానే
చేతిలోకి తీసుకున్నందుకా?
ల్యాబు కాగితం కూడా తేల్చలేదు,
మళ్లీ పంపమంది.

నా ఫారంలో రెండే గడులు:
నయమైంది. కాలేదు.
పెన్ను మూత తీసి పట్టుకునే ఉన్నాను.
క్లారీ మెల్లగా ఎడమకాలు కూడా
తువ్వాలు మీదికి జరుపుతున్నాడు.
"దీని చిటికెన వేలు," అంటాడు,
"ఓసారి చూస్తావా?"